మా అత్త ముడులు వేసిన దారం

ఆ రోజు మా పాప కడుపు ట్యూబు మార్చే రోజు. కృష్ణగిరిలో మేము ఎప్పుడూ పోయే ఆసుపత్రిలో, మంచం పక్కన నిలబడి పాప రెండు చేతులూ పట్టుకుని ఉన్నాను. నా ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. వదిలితే పాప చేతులు విసురుతుంది, నర్సు పని చెడుతుంది. పక్క మంచం దగ్గరున్న రాయకోట ఆవిడ నా సంచిలోంచి ఫోను తీసి నా చెవికి ఆనించింది. మా ఆయన గొంతు. "అమ్మ పోయింది" అన్నాడు.  

నా ముఖం చూసి నర్సు, ఆపమంటారా అని అడిగింది. వద్దు, కానివ్వండి అన్నాను. సగం పనిలో బిడ్డను ఎత్తుకుని పరుగెత్తి వస్తే మా అత్త నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. కొత్త ట్యూబు పెట్టి, నీళ్ళు పోసి చూసి, పట్టీ వేసేదాకా అలాగే నిలబడ్డాను. హోసూరు బస్సులో కూర్చున్న తర్వాత గానీ ఏడుపు రాలేదు.

అత్త వసారాలో చామంతులు ఏరుతూ ఏరుతూ గోడకు ఆనుకుందట. పక్కింటామె వచ్చి పిలిచేటప్పటికి పూలు ఒడిలో అలాగే ఉన్నాయి, మనిషి లేదు. ఇన్నేళ్ళలో పాపతో ఆసుపత్రికి అత్త రాని మొదటి రోజు అది. మోకాళ్ళు పట్టేసినాయి, ఈసారి నువ్వే పోయి రా, నీకు ఇప్పుడు నోరు వచ్చింది కదా అని నవ్వుతూ పంపింది.

మాది బాగలూరు దగ్గర పల్లె. ఎకరన్నర పూలతోట ఉంది, రోజాలు, చామంతులు. మామ లేడు. మా ఆయన హోసూరులో ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. తోట అంతా అత్తదే. నేను బేరిగై పిల్లను, ఏడో తరగతి దాకా చదివాను. కొత్త మనుషుల ముందు నాకు గొంతు పెగలదు.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె నాకు నేర్పిన మొదటి పని పూలబుట్ట ఎత్తడం. రెండు చేతులతో నిదానంగా ఎత్తాలి, నిదానంగా దించాలి. కుదిపితే రేకలు రాలతాయి, రేకలు రాలిన పూలను మార్కెట్లో ఎవరూ ముట్టరు. ఆ అలవాటు ఇంట్లో అన్నిటికీ పాకింది. మా ఇంట్లో నీళ్ళ బిందె కూడా చప్పుడు లేకుండా దించుతాము. చిన్న సంగతే. కానీ తర్వాత జరిగినదానిలో దీనికీ చోటుంది, అందుకని ముందే చెబుతున్నాను.

పాప పుట్టగానే ఏడవలేదు. చాలాసేపటి తర్వాత ఎక్కడో పిల్లి కూసినట్టు ఒక చిన్న శబ్దం చేసింది. కొన్నాళ్ళకే ఫిట్స్ మొదలయ్యాయి. పాలు మింగలేదు, మింగినవి ఊపిరితిత్తుల్లోకి పోయేవి. మెదడుకు దెబ్బ తగిలిందని, నడవడం, మాట్లాడడం కష్టమని డాక్టర్లు చెప్పారు. చూడడానికి వచ్చిన చుట్టాలు నన్ను చుట్టుకుని ఏడ్చారు. అత్త మాత్రం గుమ్మంలో పూలు కడుతూ కూర్చుంది. చివరికి చేతిలోని మాల పక్కన పెట్టి, "పాపకు పడుకునే వేళయింది. ఏడ్చేవాళ్ళు బయట కూసోని ఏడవండమ్మా, ఆడ గాలి కూడా బాగుండాది" అంది. ఆ మాటకు కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ ఇంట్లో ఊపిరి తీసుకోవచ్చనిపించింది.

పాపకు ముక్కులోంచి కడుపుకు ట్యూబు వేశారు. రాగి గంజి వడగట్టి, సిరంజి గొట్టంలో పోసి, పైకి ఎత్తి పట్టుకుంటే మెల్లగా దిగుతుంది. ఎత్తు ఎక్కువైతే వేగంగా దిగి వాంతి అవుతుంది. అత్త చెయ్యి సరిగ్గా తన చెవి దగ్గర ఆగేది, అరగంట సేపు కదిలేది కాదు. గంజి దిగుతున్నంతసేపూ ఆమె ఖాళీ నోరు నమిలేది. పాప ఆ నోటి వైపే చూసేది, ఒక్కోసారి తన పెదవులు కూడా కదిపేది. "కడుపు నిండితే చాలదు, నోరు మరిచిపోకూడదు" అనేది. రోజూ దిగేది అదే గంజి అయినా పూటకొక పేరు చెప్పేది. ఈ పూట సంగటి, పచ్చిపులుసు. ఈ పూట గోరుచిక్కుడు కూర, కారం కొంచెం ఎక్కువైంది, మీ అమ్మ చేసింది కదా. ఆ మాట నేను వినాలనే కొంచెం గట్టిగా అనేది.

ముక్కు ట్యూబు పాపకు నరకం. చెంప మీద ప్లాస్టరు అంటించి అంటించి చర్మం లేచిపోయింది. వారానికొకసారి ట్యూబు ఊడివచ్చేది, మళ్ళీ వేయించడానికి ఆసుపత్రికి పరుగు. బరువు పెరగలేదు. కడుపుకే నేరుగా ట్యూబు పెడితే బిడ్డ నిలబడుతుందని డాక్టర్లు అన్నారు. కానీ దానికి మత్తు ఇవ్వాలి, మత్తు ఇవ్వాలంటే ముందు ఫిట్స్ తగ్గాలి. అవి తగ్గడం లేదు. మందు కొలత పెంచారు, తగ్గలేదు. ఇంకో మందు కలిపారు, తగ్గలేదు. పాప చేతులు చూస్తుండగానే పుల్లలయ్యాయి. ఈ బిడ్డ అంతదాకా ఆగుతుందా అని మా ఆయన ఒకసారి నాతో అన్నాడు. ఆ మాట అత్త విన్నది. 

రోజుకు ఎన్నిసార్లు వస్తున్నాయి అని డాక్టరు అడిగినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. నాలుగో, ఐదో, గుర్తుండేది కాదు. గుర్తున్నా నోరు లేచేది కాదు. అత్తకు అంకెలు రాయడం రాదు. బస్సులను కూడా రంగు చూసి ఎక్కేది. కానీ ఆమె నడుము దగ్గర, రొండిన ఎప్పుడూ పూలు కట్టే దారం ఉండ దోపి ఉండేది. ఒక రోజు ఆ దారం తెంపి, పాప మంచం పక్కన కిటికీ మేకుకు కట్టింది. రోజుకు బెత్తెడు దారం. చిన్న ఫిట్స్‌కు ఒక ముడి, పెద్దదానికి ముడి మీద ముడి. రోజు అయిపోతే ఒక పూరేక ఇరికించి ముడి బిగించేది, అది ఎండి గోధుమరంగు మచ్చలాగా మిగిలేది. మందు సీసా అయిపోయేలోగా ఇంకొకటి తేవాలి కదా, అందుకని కొత్త సీసా తెరిచిన రోజు ఎర్ర దారం పోగు కట్టేది. సీసా పన్నెండు రోజులు వచ్చేది. అంటే రెండు మూరల దారం. నేను నోటుబుక్కులో రాస్తాననలేదు. ఆమె రాయమనలేదు. పని జరిగిపోతూ ఉండేది.

నాలుగైదు సీసాలయ్యాక ఆ దారం ఆమెకు ఒక సంగతి చెప్పింది. ఎర్ర పోగు తర్వాత ముడులు గింజలు పోసినట్టు ఒత్తుగా ఉన్నాయి. పోను పోను పలచబడ్డాయి. సీసా చివరి రోజుల్లో దారం నున్నగా ఉంది. మళ్ళీ ఎర్ర పోగు, మళ్ళీ ఒత్తుగా ముడులు. మందుల అంగడివాడు కల్తీ సీసాలు ఇస్తున్నాడని ఆమె నిర్ణయించుకుంది. హోసూరు పోయి అంగడి ముందు నిలబడి అతణ్ణి తమిళంలో, కన్నడంలో, తెలుగులో తిట్టి వచ్చింది. అంగడి మార్చినా దారం మారలేదు.

అప్పుడు కృష్ణగిరికి ఆ దారం తీసుకుపోయాము. ఉండగా చుట్టి, పూలు పెట్టుకునే తడిగుడ్డలో మూట కట్టుకుంది. పెద్ద డాక్టరు దాన్ని చూసి పక్కకు పెట్టమన్నాడు. మా వెనుక బయట చాలామంది ఉన్నారు, ఆయన తప్పు అనను. నేను పాపను ఎత్తుకుని లేచాను కూడా. అత్త లేవలేదు. "సామీ, నాకు రాయను రాదు. మా పాప రెండు నెలలు ఈ దారంలో ఉండాది. ఒక్కసారి చెయ్యి పెట్టి తడుముకో" అంది.

పక్క బల్ల దగ్గరున్న చిన్న వయసు డాక్టరమ్మ లేచి వచ్చింది. బల్ల మీద దారం పొడుగ్గా పరిచి వేలితో తడుముతూ పోయింది. ఎర్ర పోగు ఏమిటని అడిగింది. అత్త చెప్పింది. దారం నున్నగా ఉన్న రోజుల్లో పాప ఎలా ఉండేదని అడిగింది. బాగా నిద్రపోయేది, లేపినా లేచేది కాదు, కళ్ళు అటూ ఇటూ ఊగేవి అని అత్త చెప్పింది. మేము వాటిని మంచి రోజులనుకున్నాము. డాక్టరమ్మ నా వైపు తిరిగి, మందు ఎలా పోస్తారో చూపించమంది.

సంచిలోంచి సీసా తీశాను. పూలబుట్ట తీసినట్టే తీశాను. బల్ల మీద నిదానంగా పెట్టి, మూత తిప్పి, నిదానంగా వంచి చిన్న గిన్నెలోకి పోశాను. సిరంజితో లాగాను. ఒక్క బుడగ లేదు. బాగా చేశాననుకున్నాను. డాక్టరమ్మ సీసాను ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుంది. అడుగున రెండు వేళ్ళ మందాన పిండిలాగా మందు పేరుకుని ఉంది. పైన ఉన్నది పలచటి నీళ్ళు. ప్రతిసారీ బాగా కుదిపి పోయాలి, మూడేళ్ళుగా ఎవరూ చెప్పలేదా అని అడిగింది. సీసా మొదట్లో బిడ్డకు మందు అందలేదు. చివర్లో మోయలేనంత మందు పోయింది.

మందు ఎవరు చూసుకుంటారు అని ఆమె అడిగింది.  నేను నోరు తెరిచేలోపే అత్త మాట్లాడింది. "నేనే చెప్పినాను తల్లీ, కుదపొద్దని. పూలోళ్ళం. దేన్నీ కుదిపే అలవాటు లేదు మాకు."

అది అబద్ధం. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మందు పోయడం నేర్చుకున్న మొదటి వారంలో, సిరంజిలో గాలి బుడగ ఉందని ఒక ఆసుపత్రిలో ఒకామె నన్ను అందరి ముందూ కసిరింది. బుడగ ఉంటే కొలత తప్పుతుందంది. ఆ సిగ్గు నాలో అలాగే ఉండిపోయింది. సీసా కదిలితే నురగ, నురగ వస్తే బుడగ. అందుకని కదిలించడం మానేశాను. సీసా మీద ఇంగ్లీషులో ఏమేమో ఉంది, నేను చదవగలిగింది అంకెలే. ఎవరినైనా అడగవచ్చు, అడగలేదు. అత్త ఒకసారి అడిగింది. కషాయమైనా కలిపే తాగుతాము కదమ్మే, దీన్ని కలపొద్దా అని. వద్దత్తా, బుడగలొస్తాయి అన్నాను. చదువుకున్నదానివి, నీకే తెలుస్తుంది అని ఊరుకుంది. ఈ ఇంట్లో నా మాటకు విలువ ఇచ్చి ఊరుకున్నది ఆమె ఒక్కతే. అది కూడా అలా అయింది.

తిరుగు బస్సులో నేను చెప్పబోయాను. నిజం మా ఆయనకు చెబుతానన్నాను. అత్త పాప కాళ్ళు ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉంది.

"ఊరుకోమ్మే. వాడు నన్ను నాలుగు మాటలంటాడు, మళ్ళీ నా చేతనే అన్నం పెట్టించుకుంటాడు. నిన్నంటే నువ్వు ఇంక సీసా ముట్టుకోను భయపడతావు. నీ చెయ్యి వణికితే పాపకు మందు ఎవురు పోస్తారు? నాకు అంకెలు కూడా రావు."

ఇంటికి వచ్చాక ఆయన నాలుగు మాటలతో ఆగలేదు. నా బిడ్డను ఇన్నాళ్ళు నువ్వు చంపినావమ్మా అన్నాడు. ఇక మీదట మందు ముట్టుకోవద్దన్నాడు. ఆమె తల ఊపింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె నిజంగానే ముట్టుకోలేదు. మందు వేళ కాగానే లేచి వసారాలోకి పోయేది. పూలు కట్టడం ఆపి, చేతులు ఒడిలో పెట్టుకుని వినేది. లోపల నేను సీసా కుదిపే చప్పుడు అయ్యాకే మళ్ళీ దారం అందుకునేది. కొత్త సీసా మూత విరిగిన చప్పుడు వింటే ఎర్ర పోగు తెచ్చి కట్టేది. డాక్టరమ్మ నన్ను నోటుబుక్కులో తేదీ, టైము రాయమంది, రాస్తున్నాను. అయినా అత్త దారం ఆపలేదు. దారం ఆపమని వాడు అనలేదు కదా అనేది. మొదటి అంగడివాడి దగ్గరికి ఒక రోజు పోయి, మూడు మూరల చామంతులు వాడి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వచ్చేసింది.

ఫిట్స్ పూర్తిగా పోలేదు, తగ్గాయి. కడుపు ట్యూబుకు తేదీ ఇస్తామన్నారు, తర్వాత మంచం లేదన్నారు, తర్వాత వచ్చే నెల అన్నారు. మూడోసారి అత్త డాక్టరు గదిలోకి రాలేదు. బయట బెంచీ మీద కూర్చుని, "పాపకు నోరు లేదు. రెండు నోర్లూ నీవే. పో. తిడతారు, అంతే కదా, తిట్లు ట్యూబులోకి దిగవు" అంది. లోపలికి పోయి నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. నాకు వచ్చిన తమిళంలో, రానిచోట తెలుగు కలిపి, బిడ్డ బరువు ఎంతుందో, ఎన్ని రోజులు ఆగామో చెప్పాను. తేదీ రాసిచ్చేదాకా లేవనన్నాను. మాట ఎక్కడా ఆగలేదు. కాగితం తీసుకుని బయటికి వస్తే అత్త దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తేదీకే కడుపుకు ట్యూబు పెట్టారు, పాప చెంపలకు ప్లాస్టరు పోయింది. ఆ చెంపలను చూసి మురిసిపోవడానికి అత్తకు రెండు చామంతి కాపుల కాలం దక్కింది.

ఆమె పోయిన రోజు తోటలో పూలేవీ మార్కెట్‌కు పోలేదు. అన్నీ ఆమెకే. పాడె ఎత్తేటప్పుడు మోసేవాళ్ళు అదాటుగా ఎత్తారు, రేకలు వాకిలంతా రాలాయి. ఆ జనంలోనే ఎవరో ఒకామె ఇంకొకామెతో, మంచిదే పాపం, కానీ ఆ బిడ్డకు మందు చెడగొట్టింది ఈ ముసలామే కదా అంది. నేను వాళ్ళకు చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. పాపను ఎత్తుకుని ఉన్నాను. డాక్టరు ముందు వచ్చిన నోరు అక్కడ రాలేదు.

పదకొండో రోజు అయ్యాక మా ఆయనకు చెప్పాను. బుడగల సంగతి, అత్త అడిగిన సంగతి, బస్సులో మాట, అన్నీ.  అమ్మను మందు ముట్టనివ్వలేదు కదా నేను, అని మాత్రం అన్నాడు ఆయన. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. సాయంత్రం మందు వేళకు లోపలికి వచ్చి సీసా తీసుకుని కుదపడం మొదలుపెట్టాడు. కలిసిపోయిన తర్వాత కూడా కుదుపుతూనే ఉన్నాడు. వసారాలో వినేవాళ్ళు ఎవరూ లేరు. చాలని నేను చెప్పలేదు.

అంగడివాడికి, పక్కింటివాళ్ళకు, ఆ మాటన్న ఆమెకు ఒక్కొక్కరికీ పోయి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. అందుకని ఇక్కడ రాశాను. తెలిసినవాళ్ళు చదివితే, మిగిలినవాళ్ళకు చెప్పండి.

దారం ఇంకా కిటికీ మేకుకే ఉంది. ఆ రోజు నేను కృష్ణగిరికి బయలుదేరే ముందు పాపకు చిన్న ఫిట్స్ ఒకటి వచ్చింది. అత్త తడి చేత్తోనే ముడి వేసి, బస్సు తప్పిపోతుంది పో అంది. అదే ఆమె వేసిన చివరి ముడి. దాని కింద నెలకు సరిపడా దారం ముందే వదిలిపెట్టి ఉంది. ఆ తర్వాత వచ్చినవన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి, రెండు పేజీలు నిండాయి. దారం ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఫ్యాను వేస్తే అది పాప మంచం మీద మెల్లగా ఊగుతుంది, పాప కళ్ళు దాని వెంట పోతాయి. ఆ ముడి కింద అంతా నున్నగా ఉంది. తెలియనివాళ్ళు తడిమి చూస్తే, ఆమె పోయినప్పటి నుంచి మా పాప చాలా బాగుందనుకుంటారు.